‘ది డిసెంట్’లో ఆ గుహ జీవులు నిజంగా ఉన్నాయా, అంతా సారా బుర్రలోనేనా?

రాత్రిఆట:
2005లో వచ్చిన బ్రిటిష్ హారర్ సినిమా ఇది, దర్శకుడు నీల్ మార్షల్. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథంతా చెప్పేస్తున్నా. అమెరికాలోని అపలేషియన్ కొండల్లో సారా, జూనో, బెత్, హోలీ సహా ఆరుగురు స్నేహితురాళ్లు ఒక గుహలోకి దిగుతారు, వచ్చిన దారి కూలిపోతుంది, లోపల చూపు లేకుండా చప్పుడుని బట్టి వేటాడే జీవులు ఉంటాయి. వీటి గురించి ఒక వాదన ఏళ్ల తరబడి నడుస్తోంది: ఆ జీవులు అసలు లేవు, ఏడాది క్రితం యాక్సిడెంట్లో భర్తనీ కూతుర్నీ పోగొట్టుకున్న సారాకి మతి చలించి అందర్నీ తనే చంపేసింది అని. నేనైతే అస్సలు ఒప్పుకోను. ఆ వాదన సినిమాని తెలివైనదిగా చేయట్లేదు, అందులో ఉన్న అసలు భయాన్ని తీసేస్తోంది.

హేమ_బెజవాడ:
ఎందుకు ఒప్పుకోరండీ? సారా మాత్రలు వేసుకోవడం చూపించారు, గుహలో తనకి పాప నవ్వు వినిపిస్తుంది, ఆ చీకట్లో భ్రమలు కలుగుతాయని లోపలికి దిగే ముందే వాళ్లలో వాళ్లే చెప్పుకుంటారు. దర్శకుడు ఇవన్నీ ఊరికే పెట్టాడా? పైగా బ్రిటన్‌లో రిలీజైన ముగింపు చూడండి. సారా పైకి ఎక్కి, కారు నడుపుకుంటూ పోయి, పక్క సీట్లో జూనోని చూసి అరుస్తుంది, కట్ చేస్తే ఇంకా గుహలోనే ఉంటుంది, ఎదురుగా చనిపోయిన కూతురు, పుట్టినరోజు కేకు. అంత పెద్ద ఘట్టమే కల అయినప్పుడు మిగతాది నిజమని ఎలా నమ్మాలి?

రాత్రిఆట:
సారా లేని సీన్లు ఉన్నాయి కాబట్టి నమ్మాలి. హోలీ మీద దాడి జరిగినప్పుడు సారా పారిపోయి ఎక్కడో స్పృహ తప్పి పడి ఉంటుంది, అక్కడ పోరాడేది జూనో. ఆ కంగారులోనే వెనక ఎవరో వచ్చారని జూనో తిరిగి బెత్ మెడలోకి గొడ్డలి దించేస్తుంది. ఇది సారా కల అయితే తను చూడని తప్పు తన కలలోకి ఎలా వచ్చింది? పాప, కేకు సారా ఒక్కదానికే కనిపిస్తాయి, జీవులు మాత్రం అందరికీ కనిపిస్తాయి, అందర్నీ చంపుతాయి. భ్రమకీ నిజానికీ మధ్య గీత సినిమా చాలా శ్రద్ధగా గీసింది. బయటికి వెళ్లకుండా గుహల్లోనే ఉండిపోయి మారిపోయిన ఆదిమానవులుగా వాటిని ఊహించానని మార్షల్ కూడా చెప్పాడు.

కొండదారి:
జీవుల సంగతి వదిలేయండి బ్రదర్, నా దృష్టిలో ఆ ఐదుగుర్నీ చంపింది జూనో. కేవింగ్‌లో మొదటి రూలే ఏ గుహకి వెళ్తున్నామో, ఎప్పటికి బయటికొస్తామో పైనున్నవాళ్లకి చెప్పడం. అందరికీ తెలిసిన బోరెమ్ గుహలని చెప్పి, మ్యాపు కూడా లేని గుహలోకి దింపింది, గైడ్ బుక్ కావాలనే కార్లో వదిలేసింది. అంటే ఎవరైనా వెతికినా వేరే చోట వెతుకుతారు. జీవులు లేకపోయినా వాళ్లు ఆకలితోనో చలితోనో పోయేవాళ్లే. ఇరుకు సందులో సారా ఇరుక్కుపోయి ఊపిరి అందక కొట్టుకునే సీన్‌కి నాకు వచ్చిన టెన్షన్ తర్వాత ఏ జీవిని చూసినా రాలేదు.

రాత్రిఆట:
జూనో అబద్ధం గురించి మీతో నూరు శాతం ఏకీభవిస్తాను, కానీ జీవులు లేకపోతే ఆ అబద్ధం వాళ్లని చంపేదేమో గానీ, ఎవరు ఎలాంటివాళ్లో మనకి తెలిసేది కాదు. గాయపడిన బెత్‌ని వదిలేసి జూనో వెళ్లిపోవడం, తన భర్తకీ జూనోకీ సంబంధం ఉందని జూనో లాకెట్ చూసి సారాకి తెలియడం, చివర్లో బయటపడే దారికి దగ్గరగా వచ్చాక సారా కావాలని జూనో కాలికి గొడ్డలి దించి వాటికి వదిలేయడం, ఇవన్నీ అవి వెంటపడుతున్నాయి కాబట్టే జరిగాయి. ఆ నిమిషంలో సారా మొహం చూడండి, అందులో పిచ్చి లేదు. ఏం చేస్తోందో పూర్తిగా తెలిసే చేసింది. మతి తప్పి చేసిందంటే ఆవిణ్ణి క్షమించేసి ఇంటికెళ్లి పడుకోవచ్చు, తెలిసే చేసిందంటే కుదరదు. అందుకే ఆ వాదన నాకు నచ్చదు.

హేమ_బెజవాడ:
లాకెట్ మాట బాగా చెప్పారు, హోలీ సీన్‌కి నా దగ్గర జవాబు లేదు. కానీ సారా అన్నీ తెలిసే చేసిందన్నది మాత్రం ఒప్పుకోను. అప్పటికి ఆ మనిషి రక్తపు మడుగులోంచి లేచి వచ్చింది, ప్రాణం పోతూ వేడుకున్న బెత్‌ని తన చేత్తోనే రాయి పెట్టి చంపింది. అంత జరిగాక ఎవరికైనా నిర్ణయం తీసుకునే స్థితి మిగులుతుందా?

సత్య_హన్మకొండ:
రెండో భాగం (2009) చూస్తే సరిపోతుంది కదా, అందులో సారాతో పాటు లోపలికి వెళ్లిన కొత్తవాళ్ల మీదా అవి దాడి చేస్తాయి.

రాత్రిఆట:
దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను సత్య గారూ, నా వాదనకి పనికొచ్చేదే అయినా సరే. ఆ భాగానికి దర్శకుడు వేరు, మొదటిదానికి ఎడిటింగ్ చేసిన జాన్ హ్యారిస్. పైగా అది సారా బయటపడినట్టు మొదలవుతుంది, అంటే 2006లో అమెరికాలో చివరి నిమిషం కత్తిరించి వదిలిన ముగింపుని పట్టుకుంది. నేను మాట్లాడేది కత్తిరించని సినిమా గురించి. హేమ గారూ, మీరన్న స్థితి నిజమే, కానీ ఒక్కటి గమనించండి: గొడ్డలి దించే ముందు సారా ఆ లాకెట్‌ని జూనోకి చూపిస్తుంది. ఎందుకు చేస్తోందో అవతలి మనిషికి తెలియాలనుకుంది.