కౌలు రైతుల సర్వేకి ఎస్‌పీఎస్‌ఎస్ కొనాలా? ట్యాబ్, రికార్డర్ విషయంలో కూడా సలహా కావాలి

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. గోదావరి డెల్టా కౌలు రైతుల మీద సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, రెండో ఏడు. 300 ఇళ్ల సర్వే, అది కాక ఓ పాతిక మందితో గంటేసి ఇంటర్వ్యూలు చేయాలి. దాళ్వా (రబీ వరి) కోతలు అయిపోగానే ఫీల్డుకి వెళ్దామని అనుకుంటున్నాను.

మా డిపార్ట్‌మెంట్‌లో ల్యాబ్ అంటే ఒక గది, అందులో ఓ డజను కంప్యూటర్లు. సగం ఆన్ కావు. ఆన్ అయ్యేవాటిలో ఎస్‌పీఎస్‌ఎస్ (సర్వే లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్) పాత వెర్షన్ ఉంది కానీ, తెరిస్తే లైసెన్స్ గడువు అయిపోయిందని మెసేజ్ వస్తుంది. గైడ్ గారేమో "ఎస్‌పీఎస్‌ఎస్‌లోనే చెయ్యమ్మా, ఎగ్జామినర్లకి అదే అలవాటు" అంటారు. క్రాక్ వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తామని సీనియర్లు అంటున్నారు. నాది జేఆర్ఎఫ్ ఫెలోషిప్, రీసెర్చ్ ఖర్చులకిచ్చే కంటింజెన్సీ ఏడాదికి 10,000. సర్వేకి ట్యాబ్ కొనమని ఒకరు, లైసెన్స్ కొనమని ఒకరు, ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచుకోమని ఇంకొకరు. ఆ పదివేలు దేనికి పెట్టాలో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఎకనామిక్స్ బ్యాక్‌బెంచ్:
క్రాక్ వేసేసుకోండి మేడమ్. మా హాస్టల్లో అందరిదీ అదే. ఎవరూ అడగలేదు, ఎవరూ పట్టించుకోలేదు.

ల్యాబ్ తాళాలు:
పైన తమ్ముడు చెప్పింది మాత్రం చేయకండమ్మా. నీతులు చెప్పడానికి కాదు. నేనొక యూనివర్సిటీలో డేటా ల్యాబ్ చూసుకుంటాను. ఆ పెన్‌డ్రైవ్ సెటప్ ముందుగా అడిగేదే యాంటీవైరస్ ఆపమని. ఆపాక దాని వెనక ఏమేం దూరతాయో దేవుడికెరుక. మీ 300 ఇళ్ల డేటా ఉండబోయే మెషీన్‌లో అలాంటిది ఎందుకు?

అసలు మీ చాప్టర్లకి ఏం కావాలి? ఫ్రీక్వెన్సీ టేబుళ్లు, క్రాస్‌ట్యాబ్, కై-స్క్వేర్, మహా అయితే లాజిస్టిక్ రిగ్రెషన్. జమోవి అనే సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ ఉచితంగా వస్తాయి. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్ల జాస్ప్ కూడా అంతే. గైడ్ గారికి అలవాటైన ముఖమే కావాలంటే పీఎస్‌పీపీ వేసుకోండి. మెనూలు అటూఇటుగా ఎస్‌పీఎస్‌ఎస్‌లాగే ఉంటాయి, ఎస్‌పీఎస్‌ఎస్ ఫైళ్లు తెరుస్తుంది, అదే ఫార్మాట్‌లో సేవ్ కూడా చేస్తుంది. మెథడాలజీలో సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ నంబర్ రాయండి. వైవాలో మిమ్మల్ని నిలదీసేది శాంపిల్ దగ్గర. కై-స్క్వేర్ ఎందులో వేశావని ఎవరూ జుట్టు పట్టుకోరు.

ట్యాబ్ కూడా వద్దు. ఎండలో స్క్రీన్ కనబడదు, అది చిన్న సంగతి. పెద్ద సంగతేంటంటే, ఆ ఊళ్లలో ట్యాబ్ పట్టుకుని వచ్చేది ప్రభుత్వ ఈ-క్రాప్ పంట నమోదు వాళ్లో, బ్యాంకు వాళ్లో. కౌలు చాలావరకు నోటి మాట మీదే నడుస్తుంది. 2019 ఆంధ్రప్రదేశ్ చట్టం కింద సాగుదారు హక్కుల కార్డు తీసుకోవాలంటే భూమి ఆసామి సంతకం పెట్టాలి, అతను పెట్టడు. అలాంటి మనిషి ముందు ట్యాబ్ తీస్తే "నాకు కౌలేం లేదండీ, సొంత పొలమే" అంటాడు. మీ ఫోన్ చాలు. కోబో టూల్‌బాక్స్ అనే సర్వే వెబ్‌సైట్‌లో ఫారం చేసుకుని, ఫోన్‌లో దాని యాప్ కోబోకలెక్ట్ వేసుకోండి. సిగ్నల్ లేని చోట నింపి, రాత్రి రూమ్‌కి వచ్చాక పంపొచ్చు. ప్రశ్నలు తెలుగులో, ఇంగ్లీషులో రెండింటిలోనూ పెట్టుకోవచ్చు. డేటా దింపేటప్పుడు ఎస్‌పీఎస్‌ఎస్ లేబుళ్లు కూడా ఇస్తుంది, గైడ్ గారు సంతోషిస్తారు.

మీరు టైమ్ పెట్టాల్సింది ఫారం మీద. ఒక్క విస్తీర్ణం గడి చూడండి. రైతు "ఎకరం ఐదు సెంట్లు" అంటాడు. సాయానికొచ్చిన కుర్రాడు 1.5 అని కొడతాడు. కొట్టాల్సింది 1.05. పక్కింటాయన "ఎకరం యాభై సెంట్లు" అంటాడు, అక్కడా 1.5 పడుతుంది, ఈసారి కరెక్టే. ల్యాబ్‌కి వచ్చాక ఏది ఏదో చెప్పగల సాఫ్ట్‌వేర్ ఈ భూమ్మీద లేదు, లక్షలు పోసి కొన్నా సరే. కాబట్టి ఎకరాలకో గడి, సెంట్లకో గడి పెట్టండి. సెంట్ల గడిలో 99 దాటితే ఫారం ముందుకు కదలకుండా కట్టేయండి. తెలంగాణ వైపు చేసేవాళ్లకి ఇంకో తిప్పలు: అక్కడ ఎకరానికి 40 గుంటలు, రెండెకరాల ఇరవై గుంటలంటే 2.5. అది 2.20గా ఎక్కిన ఫైళ్లు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటాయి.

కౌలు కూడా అంతే. మీ వైపు సార్వా(ఖరీఫ్)కిన్ని, దాళ్వాకిన్ని అని బస్తాల్లో చెప్తారు. బస్తా అంటే 75 కిలోలని మనమే అనేసుకోకుండా, ఎన్ని కిలోల బస్తా అని అడిగి రాసుకోండి. రొక్కం ఇచ్చేవాళ్లకి వేరే ప్రశ్న పెట్టండి. బస్తాల్ని రూపాయల్లోకి ఫీల్డులో మార్చొద్దు, ఆ లెక్క తర్వాత ఎప్పుడైనా వేసుకోవచ్చు.

ఇక పదివేలు. ఒక వాయిస్ రికార్డర్ కొనండి, సోనీ పీఎక్స్470 లాంటిది. రిమోట్‌లో వేసే సన్న సెల్సే దానికీ, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. ఫోన్‌లో రికార్డు చేస్తే మధ్యలో కాల్ వస్తుంది. రికార్డర్ని ప్లాస్టిక్ కుర్చీ చేతి మీద పెట్టకండి, ఆయన చెయ్యి ఆనించినప్పుడల్లా ధబ్‌మని వినబడుతుంది. తువ్వాలు మడతపెట్టి దాని మీద పెట్టండి, సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చోకండి. తర్వాత ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్. మిగిలింది బస్సులకి. కంటింజెన్సీలో పరికరాలు ఒప్పుకుంటారో లేదో అకౌంట్స్ సెక్షన్‌లో ముందే కనుక్కోండి. ర్యామ్ సంగతి మూడో ఏడులో, కంటింజెన్సీ 20,500 అయ్యాక చూసుకోవచ్చు. 300 వరుసల ఫైలుకి ఇప్పుడున్న ల్యాప్‌టాప్ బ్రహ్మాండంగా సరిపోతుంది.

ఆర్ పిచ్చోడు:
అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఫీల్డుకి వెళ్లేలోపు జాతీయ నమూనా సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) 77వ రౌండ్ డేటా దింపుకోండి. 2019లో వ్యవసాయ కుటుంబాల స్థితిగతుల మీద, భూకమతాల మీద చేసిన సర్వే. కౌలుకి తీసుకున్న భూమి, ఏ షరతు మీద తీసుకున్నారన్నది అందులో అడిగారు. గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్‌లో ఇంటింటి డేటా ఉచితం. దింపాక భయపడొద్దు: ఖాళీల్లేకుండా వరుసగా అంకెలే ఉన్న టెక్స్ట్ ఫైలు వస్తుంది. ఏ స్థానం నుంచి ఏ స్థానం దాకా ఏముందో లేఅవుట్ ఫైలులో ఉంటుంది, ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాని ప్రకారం ముక్కలు చేసుకోవాలి. వెయిట్లు (శాంపిల్‌లో ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ల లెక్కో చెప్పే అంకెలు) వేయకుండా మాత్రం ఒక్క శాతం కూడా రాయకండి. జిల్లా స్థాయి టేబుల్ వేయాలనిపిస్తుంది, ఆగండి, ఒక్క జిల్లాకి ఆ శాంపిల్ చాలదు. రాష్ట్రం అంకెని పక్కన పెట్టుకుని మీ మండలాల గురించి మాట్లాడండి.

హైదరాబాద్ వస్తే బేగంపేటలో సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం) లైబ్రరీ, ఉస్మానియా క్యాంపస్‌లో ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి) దక్షిణ ప్రాంతీయ కేంద్రం రెండూ చూడండి.

గోదారి గట్టు:
చాలా థ్యాంక్స్ అండీ. సెంట్ల గడి ఇప్పుడే మార్చాను. ఇంకొక్కటి. ఇంటర్వ్యూలు టైప్ చేయించడానికి మా టౌన్‌లో డీటీపీ ఆయన పేజీకింతని మాట్లాడుకుందాం అన్నాడు. ఆయనకి ఇచ్చేయనా?

ల్యాబ్ తాళాలు:
ఆయన అను ఫాంట్లలో కొడతాడు, అది యూనికోడ్ కాదు. ప్రింటు ముత్యాల్లా వస్తుంది, మీ సాఫ్ట్‌వేర్‌లోకి కాపీ చేస్తే మాత్రం పిచ్చి గీతలు. యూనికోడ్ కాకపోతే "అడ్వాన్సు" అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో వెతకడం కూడా కుదరదు. పైగా రైతులు ఆసామి పేరుతో సహా చెప్పింది ఆ టౌన్‌లోనే ఇంకో మనిషి చెవిన పడుతుంది.

మీరే చేసుకోండి. ఓట్రాన్‌స్క్రైబ్ అనే వెబ్‌సైట్‌లో ఆడియో పెడితే చెయ్యి కీబోర్డు మీంచి తీయకుండా ఆపుకుంటూ, వెనక్కి జరుపుకుంటూ కొట్టొచ్చు. ఆడియో మీ కంప్యూటర్ దాటి పోదు. టైపింగ్ స్లో అయితే హెడ్‌ఫోన్స్‌లో వింటూ ఆ మాటల్ని మీ గొంతుతో మళ్లీ చెప్పి, గూగుల్ డాక్స్‌లో తెలుగు వాయిస్ టైపింగ్‌తో రాయించుకోండి. పేర్లు మాత్రం పలకొద్దు, మీరు పలికింది గూగుల్‌కి వెళ్తుంది. రైతు 1, ఆసామి 1 అని చెప్పండి. పెద్దాయన యాసలో తడబడే మెషీన్ మీరు నింపాదిగా చెప్తే బాగానే రాస్తుంది, తర్వాత యాస చేత్తో సరిదిద్దుకోవాలి. కోడింగ్‌కి, అంటే ఇంటర్వ్యూల్లో మాటల్ని అంశాలవారీగా గుర్తు పెట్టుకోవడానికి, ట్యాగెట్ గానీ క్వాల్‌కోడర్ గానీ చాలు, రెండూ ఉచితమే.

కోబో నుంచి దింపిన సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవకండి, ఎక్సెల్ తెలుగుని పాడు చేసి చూపించవచ్చు. డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి యూటీఎఫ్-8 ఎంచుకోండి. లేదంటే నేరుగా ఎక్సెల్ ఫైలే దింపుకోండి, ఆ గొడవే ఉండదు.