పాల్ జార్జ్ కాంట్రాక్ట్ వదలాలి, డ్రాఫ్ట్ పిక్ (కొత్త ప్లేయర్‌ని ఎంచుకునే వంతు) రావాలి. దారుందా?

మా ఫ్రెండ్స్ అందరం తలా ఒక ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్ తీసుకుని ఉత్తుత్తి జీఎంలుగా (టీమ్ మేనేజర్లుగా) ప్లేయర్లని మార్చుకునే ట్రేడ్ల ఆట ఆడుతున్నాం. చీటీల్లో నాకు ఫిలడెల్ఫియా తగిలింది. ఆ టీమ్ వాళ్లు 2024లో పాల్ జార్జ్ అనే ప్లేయర్‌కి నాలుగేళ్లకి 21.2 కోట్ల డాలర్లు రాసిచ్చారు. మొదటి సీజన్‌లో ఆయన ఆడింది 41 మ్యాచ్‌లే.

నిన్న రాత్రి ఒకడికి మెసేజ్ పెట్టా: జార్జ్‌ని తీసుకో, ఇద్దరు ఓ మోస్తరు ప్లేయర్లనీ ఒక సెకండ్ రౌండ్ పిక్‌నీ ఇవ్వు అని. నవ్వే ఎమోజీ వచ్చింది, అంతే. వాడి తప్పేం లేదు. 2020లో హార్ఫర్డ్ అనే ప్లేయర్ భారీ కాంట్రాక్ట్‌ని వదిలించుకోడానికి ఇదే ఫిలడెల్ఫియా ఓక్లహోమాకి కట్నంలా ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చుకుంది. వాళ్లేమో ఏడాది తిరక్కుండానే అతన్ని బోస్టన్‌కి పంపి, బదులుగా వచ్చిన కెంబా వాకర్ కాంట్రాక్ట్ బరువు మోసినందుకు 16వ పిక్ కూడా పట్టేశారు. నాకు అలా పిక్ పుచ్చుకునే వైపు కూర్చోవాలనుంది.

మా టీమ్ స్టార్ మ్యాక్సీని కదపను. వరుసగా రెండేళ్లు ఫస్ట్ రౌండ్ పిక్ లేకుండా చేసుకోకూడదన్న రూల్ మాకూ ఉంది. మధ్యలో మూడో టీమ్‌ని పెడితే పనవుతుందా? లేక జార్జ్ ఓ ఇరవై మ్యాచ్‌లు బాగా ఆడేదాకా ఆగమంటారా? ఈ శనివారంలోపు తేల్చాలి, కాస్త చెప్పండి.