కెన్యాలో 18 నెలలు వాలంటీరుగా వెళ్దామనుకుంటున్నా, ముందు ఏం చూసుకోవాలి?

గాజువాక నర్సు:

అందరికీ నమస్కారం. నాకు 28 ఏళ్లు, బీఎస్సీ నర్సింగ్ చేసి వైజాగ్‌లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐదేళ్లుగా చేస్తున్నాను, అందులో మూడేళ్లు లేబర్ రూమే. గల్ఫ్‌కో యూకేకో ఉద్యోగానికి కాదు, నర్సులు లేని చోటికి వెళ్లి కొన్నాళ్లు పనిచెయ్యాలని కోవిడ్ డ్యూటీల నుంచీ మనసులో ఉంది. ఆన్‌లైన్‌లో ఒక సంస్థ దొరికింది. కెన్యాలో 18 నెలలు, హెల్త్ సెంటరూ అనాథాశ్రమమూ రెండూ చూసుకోవాలట, మొత్తం 2 లక్షల 40 వేలు కట్టాలట. ముందు ఈటీఏ (ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) మీద వచ్చెయ్యండి, పర్మిట్ సంగతి తర్వాత చూద్దాం అంటున్నారు. అమ్మకి ఒకటే టెన్షన్. నాన్నేమో జీతం లేకపోతే పోనీ, ఎదురు డబ్బు కట్టడమేంటి అంటున్నారు. వెళ్లొచ్చినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

ఎంవీపీ కాలనీ:

మీ నాన్నగారు అడిగిందే అసలు ప్రశ్న అమ్మా. డబ్బు కట్టొద్దు. నిజంగా మీ పని కావాల్సినవాళ్లు మీ ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970 నుంచి ఉంది, ఆఫీసు జర్మనీలోని బాన్‌లో. దరఖాస్తుకి పైసా తీసుకోరు, ఎంపికైతే నెలనెలా బతకడానికి అలవెన్స్, ఇన్సూరెన్స్ ఇస్తారు. మీకు 27 దాటాయి, అనుభవమూ ఉంది కాబట్టి స్పెషలిస్ట్ పోస్టులు చూడండి. అమెరికావాళ్ల పీస్ కోర్ గురించి ఎవరైనా చెప్తే వదిలెయ్యండి, అది ఆ దేశ పౌరులకే.

కిసుము వెళ్లొచ్చిన అక్క:

చెల్లీ, నేనూ నర్సునే. విక్టోరియా సరస్సు పక్కన కిసుములో రెండేళ్లు ఉండి వచ్చాను, అందుకే కాస్త ఎక్కువే రాస్తాను.

మొదటి మాట ఈటీఏ గురించి. 2024 జనవరి నుంచి కెన్యా వీసా తీసేసి ఈటీఏ పెట్టింది, అది 90 రోజుల సందర్శనకి. జీతం లేకపోయినా పని పనే, దానికి వేరే పర్మిట్ కావాలి. నర్సువి కాబట్టి కెన్యా నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి, లేకుండా రోగిని ముట్టుకోవడం నీకూ ప్రమాదమే, వాళ్లకీ ప్రమాదమే. నన్ను పంపిన సంస్థ అదంతా మేం చూసుకుంటాం అంది, చూసుకోలేదు. నాలుగు నెలలు వార్డులో రిజిస్టర్లు రాస్తూ కూర్చున్నాను, పక్క బెడ్ మీద నొప్పులు పడుతున్న ఆవిడ పిలిచినా లేవడానికి లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. కాబట్టి పర్మిటూ రిజిస్ట్రేషనూ కాగితం మీద చేతికొచ్చాకే టికెట్ కొను.

రెండోది, "నర్సులు లేని చోటు" అన్నావు. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. అక్కడ చదువుకున్న నర్సులు ఉన్నారు, పోస్టులు లేవు. ఉద్యోగం దొరకని నర్సులను పంపడానికి 2021లో కెన్యా యూకేతో ఒప్పందం కూడా చేసుకుంది. మరి మనం ఉచితంగా వెళ్లి ఒక డ్యూటీ భర్తీ చేస్తే అక్కడి పిల్ల ఒకరి ఉద్యోగం పోయినట్టే కదా. అందుకని సంస్థని ఈ ఒక్క ప్రశ్న అడుగు: నేను వచ్చాక అక్కడివాళ్లు ఎవరు నా దగ్గర ఏం నేర్చుకుంటారు, నేను వెళ్లిపోయాక ఆ పని ఎవరు చేస్తారు? సమాధానం తడబడితే అర్థమైపోతుంది. నీ లేబర్ రూము అనుభవం నేర్పడానికి పనికొస్తుంది, అది చిన్న విషయం కాదు.

అనాథాశ్రమం మాత్రం వద్దే వద్దు. అలాంటి చోట్ల ఉండే పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో ఉంటారు, వాలంటీర్ల డబ్బు వస్తుంది కాబట్టి పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చే చోట్లూ ఉన్నాయి. మనం ఏడాదో ఏడాదిన్నరో ప్రేమగా చూసి విమానం ఎక్కేస్తాం, ఆ పిల్లలు ఎన్నిసార్లు ఆ ఏడుపు ఏడవాలి?

భాష గురించి ఎవరూ చెప్పరు. ఆసుపత్రిలో ఇంగ్లీషు నడుస్తుంది గానీ రోగులు మాట్లాడేది లువో, స్వాహిలి. మందుని స్వాహిలిలో దావా అంటారు, టీని చాయ్ అంటారు, ఇంకేముంది వచ్చేసిందనుకుంటాం. టైము దగ్గర దొరికిపోతాం. వాళ్ల లెక్క పొద్దున ఆరు నుంచి మొదలు. "రెండు గంటలకి" అంటే పొద్దున ఎనిమిది! ఒక గర్భిణిని మళ్లీ రెండింటికి రమ్మన్నాను, ఆవిడ మర్నాడు తెల్లారే వచ్చి నాకోసం కూర్చుంది. వెళ్లడానికి మూడు నెలల ముందు నుంచే స్వాహిలి మొదలుపెట్టు.

యెల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకో. ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. కార్డు లేకుండా తిరిగొస్తే మనవాళ్లు ఇక్కడ క్వారంటైన్‌లో పెడతారు. వైజాగ్‌లో పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు, ఏ రోజు వేస్తారో ఫోన్ చేసి వెళ్లు. పోలీస్ క్లియరెన్స్‌కి మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసు ఎలాగూ తెలుసు కదా.

స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్:

డబ్బు విషయం ఒకటి. లోన్ ఈఎంఐ ఏమైనా ఉంటే తీర్చాకే వెళ్లండి, అలవెన్స్ బతకడానికి సరిపోతుంది గానీ ఇంటికి పంపడానికి మిగలదు. తిరిగొచ్చాక ఉద్యోగం దొరికేదాకా కనీసం ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉండాలి. మా అమ్మాయి వచ్చాక ఐదు నెలలు ఖాళీగా ఉంది, అప్పుడు పడ్డ దిగులు అక్కడ ఉన్నప్పుడు కూడా పడలేదు.

గాజువాక నర్సు:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మీరు చెప్పిన ప్రశ్న నిన్న రాత్రే వాళ్లకి పంపాను. పొద్దున జవాబొచ్చింది: "సీట్లు తక్కువ, ఈ వారంలో అడ్వాన్స్ కట్టండి." అంతే. కట్టడం లేదు. ఒక్క సంగతి, అమ్మతో రోజూ మాట్లాడటం కుదిరేదా?

కిసుము వెళ్లొచ్చిన అక్క:

కుదిరేది. మనకంటే రెండున్నర గంటలు వెనక. నా డ్యూటీ దిగి ఎనిమిదింటికి ఫోన్ చేస్తే ఇక్కడ పదిన్నర, అమ్మ నిద్ర ఆపుకుని కూర్చునేది. తర్వాత పొద్దున్నే ఆరింటికి మార్చాను, ఆవిడకి ఎనిమిదిన్నర, టిఫిన్ చేస్తూ మాట్లాడేది.