బ్యాకప్ స్క్రిప్ట్ ముగిసేదాకా ఆగే ప్రోగ్రామ్‌కు టైమౌట్ పెట్టాలా, వద్దా?

పైపులైను:
పైథాన్ ప్రోగ్రామ్ ఒక బ్యాష్ స్క్రిప్ట్‌ను నడపాలి. అది పీజీ డంప్‌తో (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కాపీ తీసే టూల్) బ్యాకప్ తీశాకే తర్వాతి పని మొదలవ్వాలి. ఇప్పుడు పోపెన్ (స్క్రిప్ట్‌ను మొదలుపెట్టేది), ఆ వెంటనే వెయిట్ (అది ముగిసేదాకా ఆగేది) ఉన్నాయి, అవుట్‌పుట్ పైప్‌లోకి (ఒక ప్రోగ్రామ్ రాసింది ఇంకోటి చదివే దారి) పోతోంది. చిన్న డేటాబేస్‌కు బాగానే నడుస్తోంది, పెద్దదానికైతే అక్కడే ఆగిపోతోంది. టైమౌట్ (ఇంతసేపే ఆగాలనే గడువు) పెడితే సరిపోతుందా?

బ్యాష్‌బాబు:
టైమౌట్ పెట్టాల్సిందే, కానీ ముందు ఇది డెడ్‌లాక్, అంటే ఒకరి కోసం ఒకరు ఆగిపోవడం. లినక్స్‌లో పైప్ సామర్థ్యం మామూలుగా 64 కిలోబైట్లు. చదివేవాళ్లు లేక అది నిండితే స్క్రిప్ట్ రాయలేక ఆగుతుంది, మీరేమో అది ముగియాలని ఆగుతారు. చిన్న డేటాబేస్‌కు లాగ్ ఆ హద్దు దాటదు, అంతే తేడా. వెయిట్ తీసేసి, అవుట్‌పుట్ చదువుతూ ఆగే కమ్యూనికేట్ వాడండి, లేదా ఈ పని అంతా ఒకేసారి చేసే, పైథాన్ 3.5 నుంచి ఉన్న రన్ వాడండి. లాగ్ మరీ పెద్దదైతే నేరుగా ఫైల్లోకి పంపండి, ఎందుకంటే ఆ రెండూ పట్టుకున్న అవుట్‌పుట్ మొత్తాన్ని మెమరీలో పెట్టుకుంటాయి. రన్‌కు చెక్ ఈక్వల్స్ ట్రూ ఇవ్వడం మరవద్దు. ఇవ్వకపోతే స్క్రిప్ట్ ఎగ్జిట్ కోడ్ 1తో (అంటే విఫలమై) ముగిసినా ప్రోగ్రామ్ తన దారిన తాను పోతుంది.

నిదానం:
బాబు గారూ, మొదటి సగం ఒప్పుకుంటా. టైమౌట్ మాత్రం వద్దు. రన్‌లో గడువు దాటితే వెళ్లేది సిగ్‌కిల్, అంటే ప్రాసెస్‌ను వెంటనే చంపే సిగ్నల్. దాన్ని బ్యాష్ ట్రాప్‌తో (సిగ్నల్ వస్తే నడిచే కోడ్) పట్టలేం, కాబట్టి లాక్ ఫైల్ (ఒకేసారి రెండు నడవకుండా పెట్టే గుర్తు), సగం రాసిన డంప్ అలాగే మిగులుతాయి. పైగా చచ్చేది బ్యాష్ ఒక్కటే. దాని కింద పీజీ డంప్ నడుస్తూనే ఉంటుంది, మీరు మళ్లీ మొదలుపెడితే రెండూ ఒకే ఫైల్ మీద పడతాయి. డేటాబేస్ పెరిగే కొద్దీ గడువు కూడా మారాలి. ఎవరు మారుస్తారు?

బ్యాష్‌బాబు:
అది టైమౌట్ తప్పు కాదు, చంపే పద్ధతి తప్పు. పోపెన్‌కు స్టార్ట్ న్యూ సెషన్ ట్రూ ఇవ్వండి, అప్పుడు స్క్రిప్ట్, దాని కింది ప్రాసెస్‌లు ఒక విడి గ్రూపు అవుతాయి. గడువు దాటితే కిల్‌పీజీతో గ్రూపు మొత్తానికీ సిగ్‌టర్మ్ (ముగించమని అడిగే సిగ్నల్) పంపి, 20 సెకన్లు చూసి, అప్పటికీ బతికుంటే సిగ్‌కిల్ పంపండి. బ్యాష్‌కు మాత్రమే సిగ్‌టర్మ్ పంపితే లాభం లేదు: ముందు నడుస్తున్న కమాండ్ ముగిసేదాకా ట్రాప్ మొదలవదు. గ్రూపుకు పంపితే డంప్ ముందు పోతుంది, అప్పుడు ట్రాప్ నడిచి లాక్ ఫైల్ తీసేస్తుంది. ఒక్క చిక్కుంది, కొత్త సెషన్ కాబట్టి టెర్మినల్లో కంట్రోల్ సీ కొట్టినా స్క్రిప్ట్‌కు చేరదు. దాన్ని మీరే పట్టుకుని గ్రూపుకు పంపాలి.

క్రాన్‌పిట్ట:
అంత కోడ్ రాసే ఓపిక లేనివాళ్లు లినక్స్ మామూలు టూల్స్ ఉండే కోర్‌యుటిల్స్‌లోని టైమౌట్ కమాండ్‌తో స్క్రిప్ట్‌ను నడపండి. గడువు 2 గంటలు, హైఫన్ కే 20 (సిగ్‌టర్మ్ తర్వాత 20 సెకన్లకు సిగ్‌కిల్) చాలు. సిగ్‌టర్మ్‌తో ఆగిపోతే ఎగ్జిట్ కోడ్ 124 వస్తుంది. మామూలు వైఫల్యానికీ గడువు దాటడానికీ తేడా అక్కడే తెలిసిపోతుంది. ఇంకో మాట: స్క్రిప్ట్‌లో ఏదైనా ఆంపర్‌సాండ్‌తో బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోయి పైప్‌ను పట్టుకుని ఉంటే, స్క్రిప్ట్ ముగిసినా కమ్యూనికేట్ తిరిగిరాదు. దాని అవుట్‌పుట్, ఎర్రర్ రెండింటినీ ఫైల్లోకి మళ్లించండి.

నిదానం:
సరే, గ్రూపును చంపే పద్ధతి బాగుంది. అయినా 2 గంటలనే అంకె ఊహే కదా. పీజీ డంప్ మొదట్లోనే టేబుళ్ల మీద లాక్ అడుగుతుంది. ఎవరో ఆల్టర్ టేబుల్ (టేబుల్ నిర్మాణం మార్చే కమాండ్) నడుపుతుంటే అక్కడే కూర్చుంటుంది. దానికి దాని సొంత లాక్ వెయిట్ టైమౌట్ ఆప్షన్ ఉంది, 1 నిమిషం ఇవ్వండి. అప్పుడు లాక్ దొరకక ఆగితే నిమిషంలో ఎర్రర్‌తో బయటికొస్తుంది, డేటా ఎక్కువై ఆలస్యమైతే మాత్రం ఎవరూ మధ్యలో చంపరు.

బ్యాష్‌బాబు:
ఆ ఆప్షన్ పెట్టాల్సిందే, ఒప్పుకుంటా. కానీ నెట్‌వర్క్ డిస్క్ స్పందించకపోతే అది కాపాడదు, అందుకే బయటి గడువు ఉండాలంటున్నా. పైపులైను గారూ, ఇదంతా వెబ్ రిక్వెస్ట్ లోపల నడుస్తోందా? గునికార్న్ (పైథాన్ వెబ్ సర్వర్) అయితే దాని డిఫాల్ట్ గడువు 30 సెకన్లే. సింక్ వర్కర్ (ఒక్కోసారి ఒకే రిక్వెస్ట్ చూసేది) అంతకు మించి ఆగితే మీ టైమౌట్ వచ్చేలోగా వర్కర్‌నే చంపేస్తుంది. అలాగైతే పనిని క్యూలో వేసి, వేరే వర్కర్‌తో నడిపించండి.