యెల్లోస్టోన్‌లో చెక్క బాట పక్కనే బైసన్ ఎదురైతే ఏం చేయాలి?

ఆగస్టు మొదటి వారంలో మా అమ్మానాన్నలతోనూ, మరికొన్ని తెలుగు కుటుంబాలతోనూ కలిసి అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనానికి వెళుతున్నాము. బైసన్‌లకు (అమెరికా అడవి దున్నలకు) కనీసం 25 గజాలు, ఎలుగుబంట్లకు, తోడేళ్లకు 100 గజాల దూరంలో ఉండాలన్న నిబంధన నాకు తెలుసు. అక్కడ మనుషులను మిగతా జంతువులన్నిటికంటే ఎక్కువగా గాయపరిచింది బైసన్‌లేనని కూడా చదివాను. అయితే మా బృందంలో ఒకరిద్దరు, తలవంచి గడ్డి మేస్తున్న బైసన్‌ను మన ఊరి గేదెలా సాధువనుకుని, పిల్లలను దాని పక్కన నిలబెట్టి ఫోటో తీయాలని ఇప్పటినుంచే ఉబలాటపడుతున్నారు. దాదాపు 900 కిలోల బరువు తూగే మగ బైసన్ గంటకు 50 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తగలదని, పైగా అది జతకట్టే కాలమని చెప్పినా నవ్వి ఊరుకుంటున్నారు.

నా అసలు సందేహం వేరు. వేడినీటిని పైకి చిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే బుగ్గ పరిసరాల్లోని వేడినీటి బుగ్గల దగ్గర నేల పైపొర పలుచగా ఉండి, కింద నీరు సలసల కాగుతుంటుంది కనుక చెక్క బాట దిగకూడదు. ఆ బాటను ఆనుకునే బైసన్ నిలబడితే 25 గజాల దూరం పాటించేదెలా? వచ్చిన దారినే వెనుదిరగాలా, అది కదిలేవరకు దూరంగా ఆగాలా? మోకాళ్ల నొప్పుల వల్ల మా అమ్మ వేగంగా నడవలేదు. తోక పైకెత్తడం, కాలితో నేల దువ్వడం హెచ్చరికలంటారు. అవి కనిపించాక తప్పుకునే వ్యవధి ఉంటుందా? పెద్దవారితో అక్కడికి వెళ్లివచ్చినవారు, మనస్పర్థలు రాకుండా తోటివారిని ఎలా ఆపగలిగారో కూడా దయచేసి తెలియజేయగలరు.