ఎడిసన్‌లో కమ్యూనిటీ కళాశాల ద్వారా రేడియోగ్రఫీ చదువు: ముప్పై అయిదేళ్లకు మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న
రారిటన్ ఒడ్డు:

సభ్యులందరికీ నమస్కారం. నేను గుంటూరులో బయోకెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా బీఎస్సీ చదివి, పెళ్లయ్యాక అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్ వచ్చి, ఇన్నేళ్లూ మావారి ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఇంటిపట్టునే ఉన్నాను. ఈ మధ్యనే మాకు గ్రీన్ కార్డులు వచ్చాయి. పాప కూడా రెండో తరగతిలోకి వచ్చింది కనుక ఇక నాకంటూ ఒక వృత్తి ఏర్పరచుకోవాలని అనుకుంటున్నాను. మా పరిచయస్తులలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని ఏదైనా కన్సల్టెన్సీలో చేరమనే చెబుతున్నారు గానీ, రోజంతా తెర ముందు కూర్చునే పని మీద నాకు మొదటినుంచీ ఆసక్తి లేదు.

మా ఊళ్లోనే ఉన్న మిడిల్‌సెక్స్ కాలేజీ అనే కమ్యూనిటీ కళాశాలలో రేడియోగ్రఫీ, అంటే ఎక్స్‌రే తీయడం నేర్పే కోర్సు ఉన్నదని తెలిసి, ఆ దారి పట్టాలని ఉంది. అయితే అది రెండేళ్ల చదువని ఒకరు, నాలుగేళ్లకు తక్కువ పట్టదని మరొకరు చెప్పడంతో ఏది నిజమో బోధపడటం లేదు. నా పాత డిగ్రీకి ఇక్కడ ఏమైనా విలువ ఉంటుందా? చదువయ్యాక పరీక్ష, లైసెన్సు ఎవరి చేతిలో ఉంటాయి? ఎక్స్‌రే గదిలో ఏళ్ల తరబడి పనిచేస్తే ఆరోగ్యం చెడుతుందని మా అత్తగారు గట్టిగా నమ్ముతున్నారు. ఆవిడకు ఏమని సమాధానం చెప్పాలో నాకు తెలియడం లేదు. వచ్చే నెలలో నాకు ముప్పై అయిదేళ్లు నిండుతాయి. ఈ రంగంలో ఉన్నవారు, ఇప్పుడు చదువుతున్నవారు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పగలరు.

జవాబు 1
నైట్ షిఫ్టు:

నేను ఈ రాష్ట్రంలోనే ఒక ఆసుపత్రిలో రేడియాలజిక్ టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నానండీ. చదివింది కూడా కమ్యూనిటీ కళాశాలలోనే. మీకు చెప్పిన ఇద్దరూ తప్పు చెప్పలేదు. రెండేళ్లన్నది ప్రోగ్రాములో సీటు వచ్చిన నాటి నుంచి వేసే లెక్క. కమ్యూనిటీ కళాశాలలో చేరడానికి ఎవరికీ అడ్డు ఉండదు గానీ, అదే కళాశాలలోని రేడియోగ్రఫీ విభాగంలో సీటుకు మాత్రం గట్టి పోటీ ఉంటుంది, ఎందుకంటే చుట్టుపక్కల ఆసుపత్రులు ఎంతమందిని శిక్షణకు తీసుకోగలవో అంతమందినే కళాశాల చేర్చుకోగలదు. అంతకుముందే అనాటమీ అండ్ ఫిజియాలజీ (శరీర నిర్మాణం, పనితీరు) రెండు భాగాలు, ఆల్జీబ్రా, ఇంగ్లీషు కాంపోజిషన్, చాలాచోట్ల మెడికల్ టెర్మినాలజీ కూడా పూర్తిచేయవలసి ఉంటుంది. సీటు ఇచ్చేటప్పుడు ముందుగా చూసేది వాటిలో మీకు వచ్చిన గ్రేడ్లనే. కొన్ని కళాశాలలు టీస్ అనే ప్రవేశ పరీక్ష కూడా రాయమంటాయి. ఇల్లు చూసుకుంటూ సెమిస్టరుకు రెండేసి సబ్జెక్టులు చదివేవారికి ఇక్కడే ఏడాదో ఏడాదిన్నరో గడుస్తుంది, మొదటి ప్రయత్నంలో సీటు రాకపోతే మరో ఏడాది ఆగాలి. నాలుగేళ్లన్న మాట అలా పుట్టింది.

మీ బీఎస్సీ మార్కుల పత్రాలను ఇక్కడి మూల్యాంకన సంస్థల చేత పరిశీలింపజేస్తే, ఇంగ్లీషు, గణితం వంటి సాధారణ సబ్జెక్టులలో కొంత మినహాయింపు దొరకవచ్చు. సైన్సు సబ్జెక్టులు అయిదారేళ్లు దాటితే చెల్లవని నియమం పెట్టుకున్న కళాశాలలు చాలా ఉన్నాయి. ఒకవేళ చెల్లుతాయన్నా అనాటమీని మాత్రం తిరిగి చదవమనే నా సలహా, ఎందుకంటే ఈ వృత్తి మొత్తం దాని మీదే నడుస్తుంది. మోచేతిలో ఏ ఎముక ఏ ఎముక వెనుక దాగి ఉంటుందో తెలియనివారికి, అది విడిగా కనబడాలంటే చేతిని ఎటు తిప్పాలో కూడా తెలియదు. డబ్బు విషయంలో ఒక సంగతి ముందే తెలుసుకోండి: గ్రీన్ కార్డు ఉన్నవారు ఫెడరల్ ఆర్థిక సహాయానికి దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, అప్పటికే బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవారికి తిరిగి కట్టనవసరం లేని పెల్ గ్రాంటు సాధారణంగా రాదు, రుణం మాత్రమే దొరుకుతుంది. సొంత కౌంటీలో ఉన్నవారికి ఫీజు తక్కువ కావడం మీకు కలిసివచ్చే అంశం.

ఏ కళాశాలైనా సరే, చేరబోయే ముందు దాని ప్రోగ్రాముకు జేఆర్‌సీఈఆర్‌టీ (రేడియోగ్రఫీ చదువులను పరిశీలించి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్నదా అని చూడండి. గుర్తింపు ఉన్న ప్రతి ప్రోగ్రాము మూడు అంకెలను బహిరంగంగా ప్రకటించాలి: చేరినవారిలో ఎందరు పూర్తిచేశారు, మొదటి ప్రయత్నంలోనే ఎందరు పరీక్ష గట్టెక్కారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి. అందరూ పరీక్ష అంకెనే చూస్తారు. నేనైతే పూర్తిచేసినవారి అంకెను ముందు చూడమంటాను, బలహీనులను మధ్యలోనే వదిలించుకునే చోట ఉత్తీర్ణత శాతం సహజంగానే అందంగా కనిపిస్తుంది కదా.

చదువు పూర్తయ్యాక రాసేది అమెరికన్ రిజిస్ట్రీ ఆఫ్ రేడియాలజిక్ టెక్నాలజిస్ట్స్, అంటే ఏఆర్‌ఆర్‌టీ పరీక్ష. లెక్కలోకి వచ్చే ప్రశ్నలు 200 ఉంటాయి, ఉత్తీర్ణతకు 75 స్కోరు రావాలి. అది నూటికి డెబ్బై అయిదు మార్కులు కాదు, ప్రశ్నల కాఠిన్యాన్ని బట్టి సరిచేసిన స్కోరు. మూడేళ్లలో మూడు అవకాశాలే ఇస్తారు. 2015 నుంచి ఈ పరీక్షకు కనీసం అసోసియేట్ డిగ్రీ (కమ్యూనిటీ కళాశాలలు ఇచ్చే రెండేళ్ల డిగ్రీ) తప్పనిసరి అయింది. రాష్ట్ర లైసెన్సు వేరు. న్యూజెర్సీలో దానిని ఇచ్చేది ఆరోగ్య శాఖ కాదు, పర్యావరణ పరిరక్షణ శాఖ! కొత్తవారు దాని కోసం వేరే కార్యాలయాల వెబ్‌సైట్లన్నీ వెతుకుతూ ఉంటారు కనుక చెబుతున్నాను.

ఇక అసలు చదువు జరిగేది క్లినికల్స్‌లో, అంటే ఆసుపత్రి శిక్షణలో. తరగతులు, శిక్షణ కలిపి వారానికి నలభై గంటలు మించకూడదన్నది నియమం. దీనికి జీతం ఉండదు. ఒక్కొక్క పరీక్షలో, ఛాతీకి, మోకాలికి, వెన్నుకు విడివిడిగా, మీ సామర్థ్యాన్ని నిరూపించుకునేదాకా లైసెన్సున్న టెక్నాలజిస్టు మీ పక్కనే నిలబడి ఉండాలి. నిరూపించుకున్న తరువాత ఆయన పిలిస్తే పలికే దూరంలో ఉంటే చాలు. అయితే మీరు తీసిన చిత్రం సరిగా రాక మళ్లీ తీయవలసి వస్తే మాత్రం, మీరు రెండో సంవత్సరం చివరలో ఉన్నా సరే, ఆయన గదిలోకి రావలసిందే. రోగికి అనవసరంగా రెండోసారి రేడియేషన్ తగలకూడదన్న పట్టుదల ఈ ఒక్క నియమంలో కనిపిస్తుంది. బటన్ నొక్కడమే ఉద్యోగమని అనుకునేవారు ఆ గదిలో ఒక పూట ఉంటే చాలు: తుంటి విరిగిన ఎనభై ఏళ్ల మనిషిని నొప్పి పెరగకుండా బల్ల మీదికి చేర్చాలి, ఊపిరి బిగబట్టమంటే అర్థంకాని పసివాడిని ఊరడించాలి, నిలబడలేని రోగి కోసం యంత్రాన్ని మంచం దగ్గరికే తోసుకుపోవాలి. నడుము గట్టిగా ఉండాలండీ, ఓపిక అంతకన్నా గట్టిగా ఉండాలి. మీ వయసు అడ్డం కాదు. నా తరగతిలో మీకన్నా పెద్దవారు ఉండేవారు, రోగులతో మాట్లాడటంలో పద్దెనిమిదేళ్ల పిల్లలకన్నా వారే నయమనిపించుకున్నారు.

జవాబు 2
కర్నూలు డీఎంఐటీ:

పై జవాబులో చెప్పినవన్నీ సరైనవే. నేను మన దగ్గర డిప్లొమా ఇన్ మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ చేసి, హైదరాబాదులో ఒక డయాగ్నస్టిక్ సెంటరులో కొన్నేళ్లు పనిచేసి ఇక్కడికి వచ్చినవాడిని కనుక, ఆ కోణంలో రెండు మాటలు చేర్చాలనిపించింది. మన డిప్లొమాతోగాని, మన బీఎస్సీ రేడియాలజీతోగాని నేరుగా ఏఆర్‌ఆర్‌టీ పరీక్షకు కూర్చోనివ్వరు. వారు గుర్తించిన ప్రోగ్రామును ఇక్కడ పూర్తిచేయవలసిందే. అనుభవాన్ని చూసి కొన్ని సబ్జెక్టులు తగ్గించే అధికారం కళాశాలకే ఉంటుంది. అందుచేత రారిటన్ ఒడ్డు గారూ, ఈ రంగంలో పాత డిగ్రీ లేదని మీరు బాధపడనవసరం లేదు, ఉన్న మాకూ మొదటి మెట్టు అదే.

అయితే మళ్లీ చదవడం వృథా అని నేను అనుకోను. ఛాతీ ఎక్స్‌రే తీసేటప్పుడు రోగిని డిటెక్టరుకు, అంటే చిత్రాన్ని పట్టే పలకకు, ఎదురుగా నిలబెట్టి, ఆరడుగుల దూరం నుంచి వీపు వైపుగా కిరణాలు పంపాలని మన సెంటరులో నాకు అలవాటుగా తెలుసు. గుండె ఛాతీలో ముందు వైపున ఉంటుంది కనుక అది డిటెక్టరుకు దగ్గరగా ఉంటే నీడ పెద్దది కాదని, కిరణాలు వెలువడే ట్యూబు దూరంగా ఉంటే కిరణాలు సమాంతరానికి దగ్గరపడి ఆ పెరుగుదల ఇంకా తగ్గుతుందని కారణం చెప్పి నేర్పింది ఇక్కడే. డిజిటల్ యంత్రాల విషయం కూడా అలాంటిదే. ఫిల్ము కాలంలో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే చిత్రం నల్లబడి తప్పు బయటపడేది. ఇప్పుడు కంప్యూటరు దానిని సరిచేసి చక్కగా చూపిస్తుంది కనుక, అవసరానికి మించి కిరణాలు వాడుతున్నా కంటికి తెలియదు. అందుకే ప్రతి చిత్రంతో పాటు వచ్చే ఎక్స్‌పోజర్ ఇండెక్స్‌ను, అంటే డిటెక్టరుకు ఎంత రేడియేషన్ చేరిందో సూచించే అంకెను, చదవమని మా ఉపాధ్యాయులు వెంటపడేవారు.

మరొక జాగ్రత్త. కొద్ది నెలల్లోనే ఎక్స్‌రే సర్టిఫికెట్ ఇస్తామనే ప్రైవేటు సంస్థల ప్రకటనలు మీ కంట పడతాయి. వాటిలో కొన్ని పరిమిత లైసెన్సుకు మాత్రమే పనికివస్తాయి, ఛాతీ వంటి ఒకటి రెండు భాగాలు మాత్రమే తీయవచ్చు, పెద్ద ఆసుపత్రులు అలాంటివారిని సాధారణంగా తీసుకోవు. అక్కడి నుంచి సీటీకో, ఎంఆర్‌ఐకో వెళ్లే దారి కూడా దాదాపు మూసుకుపోతుంది. ఫీజు చూస్తే కమ్యూనిటీ కళాశాల కంటే ఎక్కువే ఉండవచ్చు. నాకైతే అది ఏ రకంగానూ లాభసాటిగా తోచలేదు.

రారిటన్ ఒడ్డు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా ఎవరైనా రాస్తారని నేను ఆశించలేదు. ఒక విషయం మాత్రం మిగిలిపోయింది. మాకు మరొక బిడ్డ కావాలన్న ఆలోచన ఉంది; చదువు మధ్యలో గర్భం వస్తే మానేయవలసి వస్తుందా? అత్తగారి భయంలో కొంత నాది కూడా ఉందని ఒప్పుకోవాలి.

జవాబు 3
రెండో ఏడు విద్యార్థిని:

మానేయనవసరం లేదండీ. నాతో చదువుతున్న ఒకరు గర్భంతోనే క్లినికల్స్ కొనసాగిస్తున్నారు. ఇక్కడి నిబంధనల ప్రకారం ఆ సంగతిని కళాశాలకు చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా స్త్రీ ఇష్టం. రాతపూర్వకంగా తెలియజేస్తే, ఆనాటి నుంచి గర్భస్థ శిశువుకు మొత్తం గర్భకాలంలో రేడియేషన్ మోతాదు 5 మిల్లీసీవర్టులకు (ఆ మోతాదును కొలిచే ప్రమాణం) మించకుండా చూడవలసిన బాధ్యత వారి మీద పడుతుంది. తగిలిన రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జి రెండోది ఒకటి, నడుము దగ్గర పెట్టుకోవడానికి ఇస్తారు. ఇచ్చిన ప్రకటనను ఎప్పుడైనా, మళ్లీ రాతపూర్వకంగానే, వెనక్కి తీసుకోవచ్చు కూడా.

మీ అత్తగారికి ఇలా చెప్పి చూడండి. ఎక్స్‌రే గదిలో యంత్రం ఆపివేశాక కిరణాలు ఎక్కడా మిగిలి ఉండవు; గోడలకు గానీ పరుపుకు గానీ అంటుకుని ఉండవు. ఎక్స్‌పోజర్ ఇచ్చే ఆ క్షణంలో మనం సీసపు పొర ఉన్న గోడ వెనుక ఉంటాం. మనకు తగలగలిగినది ప్రధానంగా రోగి శరీరం నుంచి చెదిరి వచ్చే కిరణాలే, దూరం రెట్టింపైతే వాటి తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే వార్డులో పోర్టబుల్ తీసేటప్పుడు సీసపు ఏప్రాన్ వేసుకుని, తీగ ఎంత పొడవుంటే అంత వెనక్కి జరుగుతాం. నిజంగా జాగ్రత్త పడవలసింది ఆపరేషన్ థియేటరులో సీ-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే యంత్రాన్ని వాడేటప్పుడు, ఎందుకంటే అక్కడ గోడ వెనక్కి పోయే వీలుండదు. ఇక్కడ ఉద్యోగికి ఏడాదికి 50 మిల్లీసీవర్టుల పరిమితి ఉంది, భారతదేశంలో అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మాత్రమే. మామూలు ఎక్స్‌రే విభాగంలో పనిచేసేవారి బ్యాడ్జి అంకెలు ఈ రెండింటికీ చాలా దిగువనే ఉంటాయి.

నాకు రేడియేషన్ కన్నా కష్టమనిపించింది ఇంటి వేళలు. క్లినికల్ ఉదయం ఏడింటికో అంతకుముందో మొదలవుతుంది, స్కూలు బస్సు వచ్చేది ఆ తరువాత. పాపను సిద్ధంచేసి బస్సు ఎక్కించే పని రెండేళ్లపాటు మీవారో, అత్తగారో తమ పనిగా తీసుకోవాలి, అప్పుడప్పుడు చేసే సాయంగా కాదు. ఈ మాట సీటు వచ్చాక కాదు, దరఖాస్తుకు ముందే ఇంట్లో తేల్చుకోండి. ఆలస్యాలను, సెలవులను కళాశాల గట్టిగా లెక్కిస్తుంది, పోయిన గంటలను తిరిగి పూడ్చవలసి ఉంటుంది.

ఈలోగా మీరు చేయదగిన పని ఒకటుంది. మార్కుల పత్రాలు గుంటూరు నుంచి రావడానికి, వాటి మూల్యాంకనం జరగడానికి సమయం పడుతుంది కనుక వాటిని ఇప్పుడే మొదలుపెట్టి, అవి వచ్చేదాకా ఆగకుండా రాబోయే సెమిస్టరులోనే అనాటమీ మొదటి భాగంలో చేరండి. మీ పాత డిగ్రీకి ఎంత విలువ కట్టినా, ఆ సబ్జెక్టు ఎలాగూ చదవవలసిందే.