టీజేలో సీటు రావాలంటే ఏ ఏరియాలో ఇల్లు తీసుకోవాలి? పాప ఏడో క్లాసుకి వస్తోంది

కొత్తగా వస్తున్న అమ్మ:
అందరికీ నమస్తే అండి. మావారికి నార్తర్న్ వర్జీనియాకి ట్రాన్స్‌ఫర్ వచ్చింది, జులైలో దిగుతున్నాం. పాపకి హైదరాబాద్‌లో ఆరో క్లాసు అయిపోయింది, లెక్కలంటే ప్రాణం పెడుతుంది. మావారి కొలీగ్స్ ఎవర్ని కదిపినా థామస్ జెఫర్సన్ హైస్కూల్ (టీజే అంటారట, సైన్స్‌కీ లెక్కలకీ పేరున్న పబ్లిక్ స్కూల్) పేరే చెప్తున్నారు. కార్సన్ మిడిల్ స్కూల్ వైపు ఇల్లు చూసుకోండి అని ఒకరు అంటే, అటు పోవద్దు పోటీ ఎక్కువ, టీజేకి పెద్దగా ఎవరూ వెళ్ళని స్కూల్ దగ్గర తీసుకోండి అని ఇంకొకరు అంటున్నారు. ఏది నమ్మాలో తెలియట్లేదు. ఎంట్రన్స్‌కి ఇప్పటినుంచే కోచింగ్ పెట్టించాలా?

హెర్న్‌డన్ అన్న:
అమ్మా, ముందు ఎంట్రన్స్ అనే మాట మర్చిపో. 2020 అక్టోబర్‌లో స్కూల్ బోర్డు ఆ పరీక్ష తీసేసింది, 100 డాలర్ల అప్లికేషన్ ఫీజు కూడా తీసేసింది. ఏరియా సంగతి తర్వాత, నువ్వు అడగాల్సింది మ్యాథ్ ప్లేస్‌మెంట్ గురించి. ఎనిమిదో క్లాసులో కనీసం ఆల్జీబ్రా వన్ చేస్తూ ఉండాలి, జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, 3.5 ఉండాలి, లేకపోతే అప్లికేషనే తీసుకోరు. మా వాడికి అక్కడే దెబ్బ పడింది, అందుకే వివరంగా చెప్తున్నా.

మేం వచ్చిన ఏడాది తెలిసినవాళ్ళ ద్వారా ఒక బేస్‌మెంట్‌లో దిగాం. అద్దె క్యాష్‌లో ఇవ్వమన్నాడు ఓనర్, సరే అన్నాం, మనవాడే కదా అని లీజ్ కాగితం అడగలేదు. స్కూల్ ఆఫీసుకి వెళ్తే రెసిడెన్సీ ప్రూఫ్ లేనిదే రిజిస్ట్రేషన్ లేదు పొమ్మన్నారు. ఓనర్ని కాగితం అడిగితే నా పేరు ఎక్కడా రాయొద్దు, సంతకం పెట్టను అన్నాడు. బతిమాలాం, మా ఆవిడ ఏడ్చేసింది కూడా, అయినా కరగలేదు. చివరికి డిపాజిట్ వదులుకుని వేరే అపార్ట్‌మెంట్‌కి మారి లీజ్ చేతికి వచ్చేసరికి మూడు వారాలు పోయాయి, పిల్లాడు ఇంట్లోనే కూర్చున్నాడు.

సరే చేర్చుకున్నారు, అప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్ చూసి మామూలు మ్యాథ్ ఎయిట్‌లో వేశారు. మన ప్రోగ్రెస్ కార్డులో గణితం 98 అని ఉంటుంది తప్ప వాడు ఏ చాప్టర్లు చదివాడో ఎక్కడుంటుంది? సమీకరణాలు, ఘాతాంకాలు అన్నీ వచ్చు వాడికి. నేను ఏడో క్లాసు టెక్స్ట్‌బుక్ విషయసూచిక ఇంగ్లీషులో టైప్ చేసి ప్రింట్ తీసుకెళ్ళి కౌన్సిలర్ ముందు పెట్టా. ఆవిడ ఓపిగ్గానే చూసింది, కానీ ఆల్జీబ్రా సెక్షన్లు నిండిపోయాయి అంది, టెస్ట్ పెట్టి తేల్చేసరికి మొదటి క్వార్టర్ అయిపోయింది. అంతే, టీజే తలుపు మూసుకుపోయింది. వాడిలో లోపం ఏమీ లేదు, మా దగ్గర కాగితం లేదు.

కాబట్టి అమ్మా, బయల్దేరేముందే పాప స్కూల్ ప్రిన్సిపాల్‌తో ఆరో క్లాసులో ఏమేం చెప్పారో టాపిక్స్ వారీగా లెటర్‌హెడ్ మీద రాయించి స్టాంప్ వేయించుకో. వ్యాక్సిన్ రికార్డులు చేతి సంచీలో పెట్టుకో, చెకిన్ లగేజీలో వేయకు. లీజ్ మీద మీ ఇద్దరి పేర్లూ ఉండేలా చూసుకో.

చాంటిలీ నాన్న:
అన్న చెప్పింది నిజమే కానీ ఏరియా గురించి చెప్పకపోతే ఆవిడకి అన్యాయం చేసినట్టే. ఇప్పుడున్న రూల్ ప్రకారం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ప్రతి పబ్లిక్ మిడిల్ స్కూల్‌కీ దాని ఎనిమిదో క్లాసులో 1.5 శాతం సీట్లు రిజర్వ్ చేశారు. 600 మంది ఉంటే 9 సీట్లు, 400 ఉంటే 6. మొత్తం 550 సీట్లలో ఇవి పోగా ఒక వంద దాకా మిగులుతాయి, వాటికోసం మిగతా పిల్లలందరూ, ప్రైవేట్ స్కూళ్ళవాళ్ళు, హోమ్‌స్కూల్ వాళ్ళు, అందరూ పోటీ పడాలి. అంటే గట్టి పిల్లలంతా ఒకే స్కూల్లో ఉంటే వాళ్ళలో వాళ్ళే కొట్టుకోవాలి.

మా పెద్దోడు సరిగ్గా కొత్త పద్ధతి వచ్చిన మొదటి ఏడాది అప్లై చేశాడు. ఏడో క్లాసులో ఆల్జీబ్రా, ఎనిమిదిలో జామెట్రీ, అన్నీ ఏ గ్రేడ్లే. రిజల్ట్ చూసి లాప్‌టాప్ మెల్లగా మూసేసి, చెప్పులు వేసుకుని డ్రైవ్‌వేలోకి వెళ్ళి చీకటిపడేదాకా బాల్ వేస్తూనే ఉన్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ బాల్ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ ఒక్క ఏడాదిలో ఏషియన్ పిల్లల వాటా 73 శాతం నుంచి 54కి పడిపోయింది. పేరు చూడరు, రేస్ చూడరు, అప్లికేషన్ నంబర్ మాత్రమే చూస్తారు అంటారు. రేస్ అడగకపోయినా ఏ స్కూల్లో ఎవరున్నారో బోర్డుకి తెలియదా?

నవోదయ అక్క:
తమ్ముడూ, మీ బాబు సంగతి చదివితే బాధేసింది, నిజంగా. కానీ నేను ఇంకోవైపు నుంచి మాట్లాడాలి. నేను నవోదయలో చదివాను. జిల్లా మొత్తానికి 80 సీట్లు, అందులో 75 శాతం పల్లెటూళ్ళ పిల్లలకే. ఆ 75 శాతం లేకపోతే టౌన్‌లో ట్యూషన్లు చెప్పించుకున్న పిల్లలే అన్నీ తీసుకుపోయేవాళ్ళు, నేను ఇవాళ ఇక్కడ ఉండేదాన్ని కాదు. ఇక్కడ పాత పద్ధతిలో చాలా మిడిల్ స్కూళ్ళనుంచి ఏళ్ళ తరబడి ఒక్కరూ వెళ్ళలేదు. పేద కుటుంబాల పిల్లలు ఒక్క శాతం కూడా లేరు, పద్ధతి మారిన మొదటి ఏడాదే 25 శాతం అయ్యారు. అప్లికేషన్లు కూడా 2,500 నుంచి 3,000 దాటాయి. అంటే మాకేం వస్తుందిలే అనుకునే పిల్లలు కూడా ధైర్యం చేశారు. స్కూల్ వారీ 1.5 శాతం అంటే మన లోకల్ కోటా లాంటిదే, మనకి కొత్త విషయం కాదు.

చాంటిలీ నాన్న:
అక్కా, నవోదయ మాట మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. అక్కడ పరీక్ష ఉంది కదా! పల్లె పిల్లలు పల్లె పిల్లలతోనే పోటీ పడ్డా అందరూ అదే పేపర్ రాశారు, ఎన్ని తప్పో ఎన్ని ఒప్పో లెక్క ఉంది. ఇక్కడ ఏముంది? స్టూడెంట్ పోర్ట్రెయిట్ షీట్ అని కొన్ని ప్రశ్నలు, ప్రాబ్లం సాల్వింగ్ ఎస్సే ఒకటి. స్కోర్ ఎంత వచ్చిందో, ఎందుకు రాలేదో పిల్లాడికి చెప్పేవాళ్ళు లేరు. కోటా ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు, పరీక్ష ఎందుకు తీశారు? కోర్టు కూడా ఈ పద్ధతి తప్పని కొట్టేసింది.

పాతికేళ్ళ వర్జీనియా:
కోర్టు విషయం సగం చెప్పి వదిలేయకండి, కొత్తవాళ్ళు అదే నిజమనుకుంటారు. 2022 ఫిబ్రవరిలో జడ్జి క్లాడ్ హిల్టన్ కేసు వేసిన పేరెంట్స్ తరఫున తీర్పు ఇచ్చిన మాట వాస్తవం. మార్చి చివర్లోనే ఫోర్త్ సర్క్యూట్ అనే అప్పీల్ కోర్టు దాన్ని ఆపింది, 2023 మేలో ఇద్దరు జడ్జిలు ఒకవైపు ఒకరు ఒకవైపుగా తిరగ్గొట్టింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు, జడ్జిలు అలీటో, థామస్ మాత్రం వినాల్సిందని రాశారు. అంటే ఆ కేసులో స్కూల్ బోర్డే గెలిచింది.

పరీక్ష గురించి మాత్రం నేను తమ్ముడి వైపే. కానీ పరీక్ష ఉన్నప్పుడు ఏం జరిగేదో కూడా కళ్ళారా చూశాను, మా పిల్ల అప్పుడే రాసింది. ఆరో క్లాసునుంచి శనివారం ఆదివారం కోచింగ్, వేలకు వేలు కట్టాం. కట్టలేని ఇంట్లో ఎంత తెలివైన పిల్ల ఉన్నా మా పిల్లతో సమానంగా ఎలా రాస్తుంది? ఇప్పుడు ఎస్సేలకి కోచింగ్ పెట్టారు, అదీ మనవాళ్ళే ఎక్కువ కడుతున్నారు.

క్వీన్స్ నుంచి మారిన బాబాయ్:
న్యూయార్క్‌లో స్టైవెసెంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్ లాంటి పేరున్న పబ్లిక్ హైస్కూళ్ళకి ఎస్‌హెచ్ఎస్ఏటీ అనే ఒక్క ఎంట్రన్స్ మార్కే, జీపీఏ లేదు ఎస్సే లేదు. పరీక్ష ఉండాలని 1971లో స్టేట్ చట్టం చేశారు కాబట్టి 2018లో మేయర్ డి బ్లాసియో తీసేద్దామని చూసినా కుదరలేదు. అక్కడ కూడా సీట్లు ఇచ్చినప్పుడల్లా ఇదే గొడవ, నల్లజాతి పిల్లలకి ఇన్నే వచ్చాయేంటని. పరీక్ష ఉన్నా గొడవే, లేకపోయినా గొడవే, సీట్లు పెంచకుండా ఎన్నాళ్ళు కొట్టుకున్నా ఇంతే.

లౌడన్ అమ్మ:
అడిగిన ఆవిడ ఏమైపోయారో పాపం. అమ్మా, పక్కనున్న లౌడన్ కౌంటీలో ఇల్లు దొరికినా భయపడకు, ఇక్కడి పిల్లలూ టీజేకి అప్లై చేయొచ్చు, కానీ బస్సు ప్రయాణం చాలా దూరం, మా పక్కింటి పాప చీకటితోనే లేస్తుంది. లీస్‌బర్గ్‌లో అకాడమీస్ ఆఫ్ లౌడన్ ఉంది, సైన్స్‌కి వేరే, ఇంజినీరింగ్‌కి వేరే, మావాడు అక్కడే సంతోషంగా ఉన్నాడు. ఇంకోటి, ఎనిమిదిలో రాకపోతే తొమ్మిదిలో ఉండగా పదో క్లాసుకి టీజేకి మళ్ళీ అప్లై చేయొచ్చు, సీట్లు చాలా తక్కువ అనుకో.

నవోదయ అక్క:
ఒక్కటి మాత్రం వినమ్మా. పోటీ తక్కువ స్కూల్ అని వెతుక్కుని ఇల్లు తీసుకోకు. రెండేళ్ళలో రూల్ మారితే ఆ ఇల్లు, ఆ స్కూల్ రెండూ మీకు నచ్చనివి అయి కూర్చుంటాయి. మీ ఆయన ఆఫీసు, పాపకి ఆడుకునే స్నేహితులు, నడిచి వెళ్ళే లైబ్రరీ, ఇవి చూసుకోండి.

కొత్తగా వస్తున్న అమ్మ:
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్ అండి. ప్రిన్సిపాల్ లెటర్ కోసం సోమవారమే వెళ్తున్నాను. హెర్న్‌డన్ అన్నయ్యగారూ, ఒక చిన్న డౌట్. మొదటి నెల కంపెనీ వాళ్ళు ఇచ్చే టెంపరరీ అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, లీజ్ కంపెనీ పేరు మీదే ఉంటుందట. దానితో స్కూల్లో చేర్చుకుంటారా?

హెర్న్‌డన్ అన్న:
ఇప్పుడే అడగడం మంచిదైంది. అక్కడ ఉంటున్నది మీ కుటుంబమే అని పేర్లతో సహా కంపెనీ హెచ్ఆర్‌తో లెటర్ రాయించుకోండి, ఆ అపార్ట్‌మెంట్ అడ్రస్‌కి ఏ స్కూల్ వస్తుందో చూసి ఆ రిజిస్ట్రార్‌కి టికెట్ బుక్ చేసేముందే ఈమెయిల్ పెట్టండి, ఈ లెటర్ సరిపోతుందా అని రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో సరే అన్నది లెక్కలోకి రాదు. వచ్చిన జవాబు ప్రింట్ తీసి మొదటిరోజు చేత్తో పట్టుకెళ్ళండి. ఆల్జీబ్రా మాట కూడా అదే ఈమెయిల్‌లో ఎత్తండి, ఆగస్టు దాకా ఆగొద్దు.